పన్నెండు బొమ్మల రోలు: సరదాకి కెమెరా పట్టినవాళ్ళ చరిత్ర

ముందుగా ఈ ఫొటో చూడండి. కొంచెం దగ్గరగా పెడతాను. బాగా చిన్నది, రెండుంబావు అంగుళాల చదరం, నలుపు తెలుపు. వేపచెట్టు కింద నులక మంచం మీద ఒక ముసలావిడ కూచుని ఉంది. ఎండ మొహం మీద పడుతోంది కాబట్టి కళ్ళు చిట్లించింది. ఎడమ అంచున పొడుగ్గా తెల్లటి చార ఉంది చూశారా, అది కెమెరాలోకి వెలుతురు చొరబడితే వచ్చిన మచ్చ. స్టూడియో వాళ్ళెవరైనా దీన్ని చూస్తే పనికిరాదని పక్కన పడేస్తారు. ఇవాళ నేను చెప్పబోయే చరిత్రంతా ఈ పనికిరాని ఫొటో కోసమే.

మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. ఒక పక్క పాలేరు చెరువు, రామదాసు పుట్టిన నేలకొండపల్లి. ఇంకో పక్క డోర్నకల్ జంక్షన్. తూర్పుగా పోతూ ఉంటే కొత్తగూడెం, పాల్వంచ, ఆ తర్వాత భద్రాచలం అడవి. ఈ ఫొటో తీసింది మా మేనమామ. మా ఊళ్ళోనే బడిపంతులుగా చేశాడు. ఫొటోలు తీసి ఒక్క రూపాయి సంపాదించింది లేదు. మా అత్తయ్య నాతో అంటుండేది, "మీ మామ జీతం రాళ్ళన్నీ ఆ డబ్బాలోనే పోస్తాడురా, దానివల్ల మనకు ఒరిగిందేంది?" అని. మామయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను చదివినవీ, చూసినవీ ఈ ఎపిసోడ్‌లో మీతో పంచుకుంటాను.

మొదటినుంచీ మొదలుపెడదాం. ఫొటోగ్రఫీ పుట్టినరోజుగా మనం ఆగస్టు 19 చెప్పుకుంటాం. 1839లో ఆ రోజున ఫ్రాన్సు ప్రభుత్వం డాగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికంతటికీ బయటపెట్టింది. పదిహేను, ఇరవయ్యేళ్ళు తిరక్కుండానే మన దేశంలో ఫొటో సంఘాలు వెలిశాయి. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తాలో, అదే 1856లో మద్రాసులో. మద్రాసు సంఘం పెట్టడంలో ముఖ్యుడు అలెగ్జాండర్ హంటర్. ఆయన వృత్తికి డాక్టరు. అంతకుముందే మద్రాసులో చిత్రకళా పాఠశాల కూడా పెట్టాడు. ఇలాంటి సంఘాల్లో చేరినవాళ్ళు చాలామంది సైన్యంలో అధికారులు, డాక్టర్లు, ఇంజనీర్లు. పగలు ఉద్యోగం, తీరిక దొరికితే కెమెరా. అంటే మన దేశంలో ఫొటోగ్రఫీ పాదుకున్న మొదటి రోజుల్లో సరదా మనుషుల చెయ్యి చాలానే ఉందన్నమాట.

తెలంగాణ సంగతికొస్తే, మద్రాసు ఆర్టిలరీలో కెప్టెన్‌గా పనిచేసిన అలన్ స్కాట్ అనే ఆయన హైదరాబాదులో, సికింద్రాబాదులో స్టీరియో ఫొటోలు తీశాడు. స్టీరియో అంటే ఒకే దృశ్యానికి పక్కపక్కనే రెండు బొమ్మలు. వాటిని ఒక అద్దాల పెట్టెలోంచి చూస్తే లోతు కనిపిస్తుంది. అలాంటివి 100 ఫొటోలతో 1862లో లండన్లో పుస్తకం వచ్చింది. ఆయన కూడా ఫొటోగ్రాఫర్‌గా జీతం తీసుకున్నవాడు కాదు. ఫిరంగుల దళంలో సైనికాధికారి.

ఆ రోజుల్లో సరదా అంటే మాటలు కాదండీ. గాజు పలక మీద ఈథరు, ఆల్కహాలు కలిసిన జిగురులాంటి కొలోడియన్ పొయ్యాలి. దాన్ని వెండి లవణం ద్రావకంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తియ్యాలి, తడి ఆరకముందే కడగాలి. అంతా కలిపి పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. మన ఎండల్లో ఆ కాస్త గడువు కూడా ఉండదు. అందుకని ఎక్కడికి పోతే అక్కడికి చీకటి డేరా, సీసాలు, నీళ్ళు, గాజు పలకల పెట్టెలు మోయించుకుని పోవాల్సిందే. డబ్బూ, మోసే మనుషులూ ఉన్నవాళ్ళకే ఆ సరదా.

ఇప్పుడు మనందరికీ తెలిసిన పేరు చెప్తాను. లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగానికి చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టింది కూడా ఉద్యోగం చేస్తూ సరదాకే. అక్కడి దొరల్లో హెన్రీ డేలీ లాంటివాళ్ళు ప్రోత్సహించారు. బొమ్మలు బాగుంటున్నాయని నలుగురూ అనడం, పెద్దవాళ్ళు పిలిపించడం, అలా అలా పెరిగి చివరికి ఉద్యోగం వదిలేశాడు. 1885లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. నిజాం ఆయనకి రాజా బిరుదిచ్చాడు. 1905లో చనిపోయాడు. ఆయన తీసిన గాజు నెగెటివుల్లో 2,800కి పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

దీన్ దయాళ్ అంటే మనకి నవాబులు, వేటలు, పాలెస్‌లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఇందోరులో ఆ ఉద్యోగి తన మొదటి బొమ్మ సరిగ్గా వచ్చినప్పుడు ఎంత సంబరపడి ఉంటాడో అనిపిస్తుంది. ఆ మొదటి సంతోషం లేకపోతే రాజా దీన్ దయాళ్ లేడు కదా.

ఇక్కడ ఒక్క విషయం ఆగి చెప్పుకోవాలి. ఆ కాలంలోనే, 1868 నుంచి 1875 వరకూ, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున "భారతదేశ ప్రజలు" అనే అర్థం వచ్చే పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేశారు. దేశం నలుమూలలా తీసిన మనుషుల ఫొటోలు. అందులో ఫొటో కింద ఏం రాశారో చూస్తే, ఎక్కువగా కులం పేరు, తెగ పేరు, ప్రాంతం. ఆ మనిషి ఎవరు, ఏం పేరు పెట్టి పిలుస్తారు అన్నది మామూలు జనం విషయంలో పెద్దగా పట్టించుకోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. గాజు పలకలు లేవు, చీకటి డేరా లేదు. రోలు చుట్టిన కెమెరా, వంద బొమ్మలు. అయిపోయాక కెమెరాతో సహా కంపెనీకి పంపిస్తే వాళ్ళే కడిగి, కొత్త రోలు వేసి తిరిగి పంపేవాళ్ళు. 1900లో బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరా ఒక్క డాలరుకి అమ్మారు. ఆ దెబ్బతో ఫొటో తీయడం అనేది అమెరికాలో, ఐరోపాలో పిల్లల ఆట అయిపోయింది. మన పల్లెలకి మాత్రం ఆ ఆట రావడానికి ఇంకో అరవయ్యేళ్ళు పట్టింది. ఈలోపల మా వైపు అడవుల్లోకి కెమెరా వచ్చింది. అదెలా వచ్చిందో చెప్తాను.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు, మానవశాస్త్రం చదివినవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియా అప్పటికి జర్మనీలో కలిసిపోయింది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. కానీ ఆయన్ని హైదరాబాద్ రాజ్యంలో ఉండి పనిచేసుకోనిచ్చారు. ఆ ఆంక్షే మనకి వరమైంది. ముందు నల్లమలలో చెంచుల దగ్గరికి వెళ్ళాడు. 1941లో గోదావరి వెంట పాపికొండల్లో కొండరెడ్ల గూడేలకి వచ్చాడు. ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి. పాపికొండల్ని ఇంగ్లీషువాళ్ళు బైసన్ హిల్స్ అనేవాళ్ళు. కొండరెడ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1945లో వచ్చింది, దాని పేర్లో ఆ మాటే ఉంటుంది.

అప్పటి మా ప్రాంతం పటం వేరుగా ఉండేదని కూడా చెప్పాలి. పాల్వంచ వైపు నిజాం రాజ్యం. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ, తూర్పు గోదావరి ఏజెన్సీ. ఖమ్మం జిల్లా అనేదే 1953లో వరంగల్ నుంచి విడదీస్తే వచ్చింది. భద్రాచలం మా జిల్లాలో కలిసింది 1959లో. గూడేల్లో ఉండేవాళ్ళకి మాత్రం రెండు ఒడ్లూ ఒక్కటే.

హైమన్‌డార్ఫ్ వృత్తికి ఫొటోగ్రాఫర్ కాదు. చూసింది రాసుకోవడం ఆయన పని. కెమెరా ఆ పనికి తోడు. కానీ ఆ తోడుగా తీసినవే వేల ఫొటోలయ్యాయి. ఇప్పుడవి లండన్ విశ్వవిద్యాలయంలో ఆయన పనిచేసిన సోయస్ కాలేజీ దగ్గర ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా మార్లవాయి గోండు గూడెంతో ఆయనకీ, భార్య బెట్టీకీ ఎంత అనుబంధమంటే, 1987లో ఆమె హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు.

ఆ పాత ఫొటోలు ఇవాళ ఎందుకు ముఖ్యమో చూడండి. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో మా ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గోదావరి ఒడ్డున కోయ, కొండరెడ్డి గూడేలు ఎన్నో ముంపు లెక్కలోకి వచ్చాయి. ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకి తరలించారు, తరలిస్తున్నారు. నీళ్ళ కిందికి పోయే గూడెం, ఆ ఇంటి చూరు, ఆ వెదురు తడిక, ఎనభయ్యేళ్ళ కిందట ఎలా ఉండేవో చూడాలంటే మనకి ఉన్న ఆధారాల్లో ఆ ఫొటోలు ముఖ్యమైనవి. తీసినప్పుడు ఆ కొండల్లో ఎవరూ ఇది ఊహించి ఉండరు.

సరే, ఇప్పుడు మా మామయ్య కాలానికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ కెమెరాల దిగుమతి తగ్గిపోయింది. అప్పుడు మన మధ్యతరగతి చేతికి అందిన కెమెరా ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ అనే కంపెనీ తయారుచేసేది. మీలో యాభై దాటినవాళ్ళు ఈ పేరు వినగానే నవ్వుకుంటూ ఉంటారు. నల్లటి పెట్టె. 120 ఫిల్ము వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు. ఫోకస్ తిప్పే పనిలేదు. వెనక చిన్న ఎర్ర కిటికీ, అందులో అంకె కనపడేదాకా రోలు తిప్పుకోవాలి. తిప్పడం మర్చిపోయారా, ఒకదాని మీద ఇంకో బొమ్మ పడుతుంది. మా ఇంట్లో అలాంటి ఫొటో ఒకటి ఉండేది, మా తాత నెత్తి మీంచి ఎడ్లబండి పోతున్నట్టు.

ఫిల్ము కూడా మన దేశంలోనే తయారవడం మొదలైంది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ కంపెనీ. 1960లో పెట్టారు, 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు అనే పేరుతో ఫిల్ము, ఫొటో పేపరు వచ్చేవి. ఖమ్మం బజారులో ఒక కొట్లో దొరికేవి. మామయ్య రెండు నెలలకో, మూడు నెలలకో ఒక రోలు కొనుక్కునేవాడు. పన్నెండంటే పన్నెండే బొమ్మలు. అందుకని తీసే ముందు ఎంత ఆలోచించేవాడో! జాతరకి పోయి సాయంత్రందాకా తిరిగి రెండే బొమ్మలు తీసుకొచ్చిన రోజులున్నాయి. "మిగిలినయి రేపటికిరా" అనేవాడు. చూడటం అంటే ఏంటో నేను నేర్చుకుంది ఆ పొదుపులోనే.

స్టూడియోలో కడిగిస్తే ఖర్చెక్కువ. అందుకని ఒక పుస్తకం చదివి సొంతంగా మొదలుపెట్టాడు. మా ఇంట్లో వడ్ల బస్తాలు వేసే గది ఉండేది. కిటికీకి గోనె సంచులు కుక్కి, తలుపు సందుల్లో పాత చీరలు దోపి, చీకటి గది చేశాడు. ఎర్ర బల్బు పెట్టాడు. మొదటి రోలు ఆ ఎర్ర బల్బు కిందే విప్పాడు. కడిగి చూస్తే మొత్తం రోలు నల్లగా బొగ్గు. తర్వాత తెలిసిందేంటంటే, ఎర్ర వెలుతురు పనికొచ్చేది పేపరుకి మాత్రమే, ఆ ఫిల్ముకి కాదు. ఫిల్మును పూర్తి చీకట్లో తడుముకుంటూ చెయ్యాలి. పన్నెండు బొమ్మలు పోయినందుకు ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

రెండో రోలు వచ్చింది. ఆ రాత్రి నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. మూడు స్టీలు పళ్ళేలు. ఒకదాంట్లో డెవలపరు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో హైపో. నెగెటివుని పేపరు మీద ఆనించి, పైన గాజు పెట్టి, ఒక్క క్షణం తెల్ల బల్బు వేసి ఆర్పేశాడు. పేపరు డెవలపర్లో పడేశాడు. ముందు ఏమీ లేదు, తెల్ల కాగితమే. కాసేపటికి పొగలాగా ఏదో కదిలింది. ముందు కళ్ళొచ్చాయి, తర్వాత ముక్కు, తర్వాత మా అమ్మమ్మ మొత్తం. నేను కేకేశాను. అప్పటికి అమ్మమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. నిద్రపోతున్న మనిషి పళ్ళెంలో కళ్ళు తెరవడం నాకిప్పటికీ మర్చిపోలేని సంగతి. తర్వాత కాలంలో ఖరీదైన కెమెరాలు కొన్నాను, అంతటి సంతోషం మళ్ళీ రాలేదు.

మామయ్య సాధించిన విజయాలు చెప్పమంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాలేరు కట్ట మీద పొద్దుగూకే వేళ గొర్రెల మంద ఫొటోకి ఒక జిల్లా పోటీలో ప్రోత్సాహక బహుమతి వచ్చింది. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకున్నాడు. ఒక వారపత్రిక ఆయన ఫొటో ఒకటి వేసింది, పేరు మాత్రం తప్పుగా పడింది. ఆ పత్రికే నలుగురికీ చూపించుకున్నాడు. అంతే.

అదే కాలంలో పెద్ద స్థాయిలో ఈ సరదా ఎలా ఉండేదో కూడా చెప్పాలి. దేశంలోని ఫొటో క్లబ్బులన్నిటికీ కలిపి 1953లో ఒక సమాఖ్య ఏర్పడింది. ప్రపంచ స్థాయిలో ఫియాప్ అనే సంస్థ 1950 నుంచి ఉంది. వీటి ఆధ్వర్యంలో జరిగే పోటీలని సెలాన్లు అంటారు. పెద్ద సైజు ప్రింట్లు తయారుచేసుకుని పోస్టులో పంపాలి. నెలల తర్వాత మీ నాలుగు ఫొటోల్లో ఒకటి ప్రదర్శనకి తీసుకున్నాం అని చీటీ వస్తుంది. డబ్బేమీ రాదు. ఆ చీటీ కోసమే పోస్టుమాన్ కోసం ఎదురుచూసినవాళ్ళు ఊరికొకరైనా ఉండేవాళ్ళు.

హైదరాబాదులో ఈ సంప్రదాయానికి పెద్ద దిక్కు రాజా త్రయంబక్ రాజ్ బహదూర్. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో బండి రాజన్‌బాబు ఒకరు. 1939లో కరీంనగర్ జిల్లా కోరుట్లలో పుట్టారు. ఆదిలాబాద్ గోండుల జీవితాన్ని ఏళ్ళ తరబడి ఫొటోలు తీశారు. ఇంగ్లండులోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ అందుకున్నారు. హైదరాబాదులో ఫొటోగ్రఫీ బడి పెట్టి ఎంతోమందికి నేర్పారు. 2011లో పోయారు. హైమన్‌డార్ఫ్ వెళ్ళిన అడవుల్లోకే ఒక కోరుట్ల మనిషి కెమెరా పట్టుకుని వెళ్ళాడు. ఈసారి బొమ్మ తీస్తున్నవాడు పక్క జిల్లావాడు. ఆ తేడా నాకు ముఖ్యం అనిపిస్తుంది.

1986 ఆగస్టులో గోదావరికి వరదొచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారంటే అర్థం చేసుకోండి. 2022 జులైలో అంత హడావుడి అయిన వరద కూడా 71.3 అడుగులే. ఆ 1986 వరద తీశాక బస్సులు తిరగ్గానే మామయ్య ఒక రోలు వేసుకుని భద్రాచలం వెళ్ళాడు. పన్నెండు బొమ్మలు తీశాడు. అందులో ఒకటి నా దగ్గర ఉంది. ఒక ఇంటి గోడ. గోడ మీద బురద గీత. దాని పక్కన ఒక పిల్లవాణ్ణి నిలబెట్టాడు. గీత పిల్లవాడి తలకి ఎంతో ఎత్తున ఉంది. అంకె చెప్తే మనకి అందని సంగతి ఆ పిల్లవాడు చెప్తున్నాడు.

మిగతా పదకొండు ఏమయ్యాయి అంటారా? ఇక్కడే నాకు బాధ కలిగే విషయం ఉంది. మామయ్య పోయాక నెగెటివుల పెట్టె అటక మీద ఉండిపోయింది. ఏళ్ళ తర్వాత నేను దింపి చూస్తే, వానాకాలం చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొన్నిటికి బూజు. అడుగున చెదలు. ఆయన జీవితమంతా పన్నెండేసి చొప్పున పోగుచేసుకున్నది ఒక నల్లటి ముద్ద అయింది. అత్తయ్య పక్కన నిలబడి చూసింది. ఈసారి ఒరిగిందేంది అని అడగలేదు.

నిజానికి తప్పు నాది. అప్పటికి నాకు డిజిటల్ కెమెరా వచ్చేసింది. కొడాక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు 1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క బొమ్మ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చివరికి ఆ డిజిటలే పెరిగి పెరిగి, 2012లో కొడాక్ దివాలా పిటిషన్ వేసే దాకా వచ్చింది. నేను కూడా ఆ మోజులోనే ఉన్నాను. పాలేరు దగ్గర లకుముకి పిట్టలు, దసరాకి పాలపిట్ట, కిన్నెరసాని నీళ్ళ మీద పొగమంచు. ఒక్క పాలపిట్ట రెక్క విప్పిన క్షణం కోసం మూడు దసరాలు తిరిగాను. దొరికింది. మా మిత్రుల మధ్య అది నాకు పెద్ద పేరే తెచ్చింది. దాన్నేమీ తక్కువ చేసి మాట్లాడను, ఆ సంతోషం సంతోషమే. కానీ పిట్ట వెనక మూడేళ్ళు తిరిగినవాణ్ణి, అటక ఎక్కడానికి ఒక్క మధ్యాహ్నం ఇవ్వలేకపోయాను.

తర్వాత ఏం జరిగిందో చెప్తాను. నెగెటివులు పోయాయి గానీ ప్రింట్లు ఉంటాయేమో అని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. మామయ్యకి ఒక అలవాటుండేది. ఎవరి ఫొటో తీస్తే వాళ్ళకి ఒక కాపీ ఇచ్చేవాడు, ఊరికే. అత్తయ్య కోపమంతా ఆ పేపరు ఖర్చు మీదే. ఆ కాపీలు దొరికాయి! దేవుడి పటాల వెనక, ట్రంకు పెట్టెల్లో, పాస్ పుస్తకాల మధ్య. ముప్పైకి పైగా. దాచుకున్నవి పోయాయి, పంచినవి మిగిలాయి. నా ఫోనులో తీసుకుని మళ్ళీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను.

ప్రతి ఫొటో వెనకా పెన్సిలుతో ఒక వరుస ఉంది. తేదీ, చోటు, మనిషి పేరు. పంతులు కదా, హాజరు పట్టీ రాసినట్టు రాశాడు.

ఇప్పుడు మొదట్లో చూపించిన ఫొటో దగ్గరికి వద్దాం. ఈ ముసలావిడ మా ఊరి మంత్రసాని. ఆసుపత్రులు దూరంగా ఉన్న రోజుల్లో మా ఊళ్ళో చాలామంది ఆమె చేతుల్లోనే పుట్టారు. నేను కూడా. ఊరంతా ఆమెని మంత్రసానవ్వ అనే పిలిచింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమెకి ఇంకో పేరుందని ఎవరూ అనగా వినలేదు. ఆమె పోయినప్పుడు పెద్దకర్మకి పెట్టుకోవడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆమె కొడుకు రాత్రిపూట మా మామయ్య గుమ్మం ముందుకొచ్చి, "సారూ, మా అమ్మ బొమ్మ ఎప్పుడన్నా తీసిండ్రా?" అని అడిగాడట. మామయ్య ఆ రాత్రే వడ్ల గదిలో కూచుని ఈ ప్రింటు తీసిచ్చాడు. తెల్లచార పడిన బొమ్మ, ఎప్పుడో పనికిరాదని పక్కన పెట్టింది. ఉన్నది అదొక్కటే.

నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె మనవరాలు ఫ్రేము విప్పి ఈ ఫొటో చేతికిచ్చింది. వెనక తిప్పి చూశాను. 1977, వేపచెట్టు దగ్గర, ఆమె పేరు. మనవరాలు ఆ పేరు రెండుసార్లు చదివింది. "నాయనమ్మ పేరు ఇదా సార్?" అంది. ఇంట్లో ఆ పేరు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ పేరు నేనిక్కడ చెప్పను, అది వాళ్ళింటి మాట. ఈ ఫొటో మాత్రం చూపించమని వాళ్ళే అన్నారు.

ఇందాక ఎనిమిది సంపుటాల పుస్తకం గుర్తుపెట్టుకోమన్నాను కదా. పెద్ద ప్రభుత్వం, పెద్ద ఖర్చు, మంచి కెమెరాలు. ఫొటో కింద కులం ఉంది, తెగ ఉంది, మామూలు మనిషికి పేరు దక్కడం అరుదు. మా మామయ్యది వెలుతురు కారే పెట్టె. కానీ తీసేది సొంత ఊరివాళ్ళని కాబట్టి, ఆ మనిషి పేరు అడిగి రాయగలిగాడు. బయటినుంచి వచ్చిన నిపుణుడు చెయ్యలేని పని ఊళ్ళో సరదా మనిషి చేశాడు. అత్తయ్య అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే.

ఇవాళ మనందరి చేతుల్లో కెమెరా ఉంది. రోజుకి వంద తీస్తున్నాం. పన్నెండు బొమ్మల కరువు తీరిపోయింది. కానీ ఫోను పోతే ఫొటోలూ పోతున్నాయి, ఆ ఫొటోలో ఉన్నది ఎవరో రాసేవాళ్ళు లేరు. అందుకని ఒక చిన్న కోరిక. ఈ ఆదివారం మీ ఇంట్లో అటక మీద ఆల్బమ్ ఉంటే దింపండి. పెద్దవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే వాళ్ళ పక్కన కూచుని, ఈమె ఎవరు, ఇదెక్కడ, ఎప్పుడు అని అడిగి ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్ను వాడకండి, సిరా ముందువైపుకి దిగుతుంది. కొత్తగా తీసినవాటిలో బాగున్నవి నాలుగు ప్రింటు వేయించి, అందులో ఉన్నవాళ్ళకే ఇచ్చేయండి.

వరద గోడ పక్కన నిలబడ్డ ఆ పిల్లవాడి పేరు కూడా ఫొటో వెనక ఉంది. ఇప్పుడాయనకి యాభై దగ్గర పడి ఉండాలి. ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాను. దొరికిన రోజు ఆయన కాపీ ఆయనకి ఇచ్చి వస్తాను. మామయ్య బాకీ అది.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం.